పాపకి రెండు వయసులు

మార్చి 5

ఈ నోటుబుక్కు కంపెనీది. లిఫ్టు సర్వీసు చేసిన ప్రతిసారీ తేదీ, ఏం మార్చాం, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి రాసుకోవడానికి ఇస్తారు. ఈసారి పొరపాటున రెండిచ్చారు. రెండోది ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరికీ చెప్పలేనివి ఇందులో రాస్తాను.

సంగతేమిటంటే, ఫ్రిజ్ తలుపు మీద పాప టీకాల కార్డు వెలిసింది. అతికించింది మా ఆవిడో, అత్తయ్యగారో తెలియదు. "ఆరు వారాలు: మార్చి 17" అని ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు కొట్టారు. పాల కోసం వెళ్లినా నీళ్ల కోసం వెళ్లినా ఆ పదిహేడు నన్నే చూస్తోంది.

పాప పుట్టింది ఫిబ్రవరి 3న. పుట్టాల్సింది మార్చి 10న. ఐదు వారాలు ముందే వచ్చేసింది. అంటే న్యాయంగా మాట్లాడితే తను ఇంకా పుట్టనే లేదు. పుట్టని మనిషికి టీకా ఏమిటి? మార్చి 10 నుంచి ఆరు వారాలు లెక్కపెడితే ఏప్రిల్ 21 వస్తుంది. లిఫ్టుకైనా బిగించిన రోజు వేరు, జనం ఎక్కడం మొదలుపెట్టిన రోజు వేరు. సర్వీసు తేదీ రెండోదాన్నుంచే లెక్క.

ఇదంతా మా ఆవిడకి వివరంగా చెప్పాను. పాపని భుజాన వేసుకుని తేన్పు కోసం వీపు నిమురుతూ వింది. తను డ్రైవింగు స్కూల్లో నేర్పుతుంది. పదేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న బ్రేకు మీద కాలు ఆనించుకుని, గోడల వైపు దూసుకెళ్లే జనాన్ని చూస్తూ నెమ్మదిగా మాట్లాడటం అలవాటైన మనిషి. "ఆలోచిద్దాం" అంది.

కాదనలేదు. తర్వాత మాట మారకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను: కాదనలేదు.

మార్చి 6

నాకు సూదులంటే భయం లేదు. ఈ విషయం ఎక్కడో ఒకచోట రాసి ఉండటం మంచిది.

మార్చి 7

నిన్న రాసింది ఇవాళ చదువుకుంటే ఎవరో నన్ను అడిగినట్టు, నేను జవాబు చెప్పినట్టు ఉంది. ఎవరూ అడగలేదు.

పాపకి మొదటి టీకాలు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజునే వేశారు. ఆ సమయానికి నేను కారు తేవడానికి కిందికి వెళ్లాను. నాకు డ్రైవింగు రాదన్న సంగతి కారు దగ్గరికి వెళ్లాక గుర్తొచ్చింది. వెళ్లాను కాబట్టి దానికి కాపలా కాశాను. మా ఆవిడ మాత్రం లోపలే ఉంది. తనకి అలాంటివేం పట్టవు.

ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజుల గురించి ఈ పుస్తకంలో రాయను.

మార్చి 8

అత్తయ్యగారు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి టీకాలు వేశారు. ఆవిడతో బజారుకి వెళ్తే మీసాలొచ్చిన మగవాళ్లు కూడా గుర్తుపట్టి చెయ్యి తడుముకుంటారు. మా పెంపకంలో వేలు పెట్టనని మా ఆవిడకి మాటిచ్చి మా ఇంటికొచ్చారు. ఆ మాట తప్పలేదు. మాకు ఒక్క సలహా ఇవ్వరు. పాపకి ఇస్తారు.

ఇవాళ నేను టీ తాగుతుంటే పక్కనే కూర్చుని పాప గోళ్లు చూస్తూ ముచ్చట పెట్టారు. "ఏమ్మా, నువ్వింకా పుట్టలేదటగా? మరి పొద్దున్నించి ఆ గోలంతా ఎవరిది తల్లీ?" అన్నారు.

నేను టీ కప్పు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాను.

మార్చి 9

ఆఫీసులున్న ఒక పెద్ద భవనంలో లిఫ్టు తాళ్లు మార్చాలి. అక్కడి మేనేజరు ఇప్పుడు కుదరదన్నాడు. లిఫ్టు బాగానే తిరుగుతోంది కదా, ఇంకో నెల ఆగితే ఏమవుతుందని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ప్రమాదం చెప్పి రాదనీ, తేదీ అంటూ వేసేది ఏమీ జరగకముందు పని చేయడానికేననీ, జరిగాక చేసేదాన్ని రిపేరంటారనీ పావుగంట క్లాసు పీకాను. అతను భయపడి సంతకం పెట్టేశాడు.

నాతో పనిచేసే సీనియర్ రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడడు. కిందికి వస్తుంటే పనిముట్ల సంచి భుజం మార్చుకుని, "మీ పాపకి టీకా వేయించావా?" అని అడిగాడు.

ఇంకా రోజు రాలేదన్నాను. ఆ నాలుగు మాటలూ దాచుకుని ఇంకెవరికైనా వాడుకోవచ్చు కదా.

మార్చి 10

నా లెక్క ప్రకారం పాప ఇవాళ పుట్టింది. చిన్న కేకు తెచ్చాను. "స్వాగతం" అని రాయించాను. బేకరీ అతను ఎవరు వస్తున్నారని అడిగాడు. వచ్చి ఐదు వారాలైందని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

కేకు చూసి మా ఆవిడ నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. ఎన్నాళ్లకి నవ్వింది! తర్వాత అదే ఊపులో ఏడ్చింది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది. నేనూ ఎక్కువ అడగలేదు. ఇద్దరం చెరో ముక్కా తిన్నాం. అత్తయ్యగారు మూడు తిన్నారు.

మార్చి 12

డాక్టరు గారిని అడిగి వచ్చాను. నా వాదన మొత్తం ఓపిగ్గా విన్నారు. ముందే పుట్టిన పిల్లలకి కూడా టీకాలు పుట్టిన రోజు నుంచే లెక్కపెట్టాలన్నారు. తల్లి నుంచి రావాల్సిన రక్షణ వాళ్లకి పూర్తిగా అందకముందే బయటికి వచ్చేస్తారు కాబట్టి జబ్బు చేస్తే తట్టుకోవడం వాళ్లకే ఎక్కువ కష్టమట. ఆలస్యం చేయకూడనిది వాళ్ల విషయంలోనే అని ఆవిడ ఉద్దేశం.

నా వాదనలోని బలాన్ని ఆవిడ పూర్తిగా కొట్టిపారేయలేదు.

(సాయంత్రం.) పూర్తిగానే కొట్టిపారేశారు. పుస్తకంతో అబద్ధమాడి ఏం లాభం.

అయినా ఇంకో అభిప్రాయం తీసుకోవాలి కాబట్టి రెండో డాక్టరుకి ఫోను చేశాను. అదే మాట. మూడో అభిప్రాయం అనుకోకుండా దొరికింది. ఇవాళ సర్వీసుకి వెళ్లిన భవనంలో మొదటి అంతస్తులో పశువుల డాక్టరు ఉన్నాడు. మనుషుల సంగతి తనకి తెలియదనీ, అడగడం కూడా బాగాలేదనీ అన్నాడు. నేను కదలకపోయేసరికి, కుక్కపిల్లలకైతే పుట్టిన రోజు నుంచేనని చెప్పి తలుపేసుకున్నాడు.

మార్చి 14

ఇవాళ ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తేల్చేశాం. పదిహేడున టీకా వేయిస్తున్నాం. మా ఆవిడ "వెళ్దాం" అంది గట్టిగా. నేను అంతకంటే గట్టిగా "వెళ్దాం" అన్నాను. తను ఎంత ధైర్యంగా అందంటే నాకు కాస్త సిగ్గేసింది.

అత్తయ్యగారు పాపకి చెప్పారు: "విన్నావా? మీ అమ్మానాన్నలు పెద్దవాళ్లయిపోయారు."

మార్చి 15

చేయకూడని పని చేశాను. చేశాక తెలిసిన సంగతి అంతకంటే ఘోరంగా ఉంది.

మధ్యాహ్నం భోజనం వేళ సీనియర్ కిందికి వెళ్లాక, మెషిన్ రూములో కూర్చుని క్లినిక్కి ఫోను చేశాను. పదిహేడున ఊళ్లో ఉండబోమనీ, ఒక వారం తర్వాత తేదీ ఇవ్వమనీ అడిగాను. ఫోనెత్తిన రిసెప్షనిస్టు కాసేపు ఏవో కాగితాలు తిరగేసింది.

"సర్, మీది ఆల్రెడీ ఇరవై నాలుక్కి మార్చేశాం. పదమూడో తారీఖున మేడమ్ ఫోన్ చేశారు కదా. పాపకి జలుబన్నారు."

పాపకి జలుబు లేదు.

పదమూడున తేదీ మార్పించి, పద్నాలుగున నా ఎదురుగా కూర్చుని "వెళ్దాం" అంది. అంత గట్టిగా ఎలా అనగలిగిందో ఇప్పుడర్థమైంది. నా భార్య నన్ను మోసం చేసింది. నేను తనకి తెలియకుండా ఫోను చేయబట్టి ఈ సంగతి బయటపడింది గానీ, లేకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. కాపురాల్లో నిజాయితీ అనేది లేకుండా పోయింది.

మార్చి 16

మాట్లాడలేదు. తనంతట తనే చెబుతుందేమోనని రోజంతా అవకాశమిచ్చాను. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, బట్టలారేస్తుంటే బాల్కనీలోకి వెంటవెంటే తిరిగాను. "ఏమైనా కావాలా?" అని అడిగింది. ఏమీ వద్దన్నాను, అర్థవంతంగా. అర్థం కాలేదు.

మార్చి 17

పొద్దున్నే ముగ్గురం తయారయ్యాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ కార్డు, పాల సీసా, రెండు జతల బట్టలు సర్దింది. ఎవరి నాటకం వాళ్లు శ్రద్ధగా ఆడుతున్నాం. అత్తయ్యగారు గుమ్మం దాకా వచ్చి పాప బుగ్గ తట్టారు.

క్లినిక్కి మా ఇంటి నుంచి పది నిమిషాలు. నలభై నిమిషాలు పట్టింది. డ్రైవింగు నేర్పే మనిషి మూడు మలుపులు తప్పింది. ఒకచోట రోడ్డు మరమ్మతు ఉందని కారు తిప్పింది. అక్కడ మరమ్మతూ లేదు, పాడూ లేదు. నేను వెనక సీట్లో పాప పక్కన కూర్చుని చిరునవ్వుతో అంతా చూశాను. క్షమించే స్థానంలో ఉండటం ఎంత హాయిగా ఉంటుందో నాకు ఇంతకుముందు తెలియదు. క్లినిక్ లోపలికి వెళ్లాక తన గుట్టు దానంతటదే బయటపడుతుంది, అప్పుడు నేను తన భుజం మీద చెయ్యి వేసి పరవాలేదంటాను. నా పథకం ఇదీ.

రిసెప్షనిస్టు కళ్లజోడు జుట్టులోకి తోసుకుని మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది. హాల్లో పిల్లల్నెత్తుకుని ఏడెనిమిది మంది ఉన్నారు. ఆ అమ్మాయి గొంతు చక్కగా ఖంగుమంటుంది.

"మీది ఇరవై నాలుగు కదండీ. పదమూడున మేడమ్ ఫోన్ చేసి మార్పించారు. పదిహేనున సార్ కూడా చేశారు, ఊళ్లో ఉండబోమని."

మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆ చూపు నేను తన విద్యార్థుల మొహాల మీద పడుతుండగా చూశాను, ఎర్రలైటు పడ్డా ఆగకుండా పోయినప్పుడు. భుజం మీద చెయ్యి వేసే ఘట్టం రాలేదు.

ఆ అమ్మాయిది మంచి మనసు. ఎలాగూ వచ్చారు కాబట్టి ఇప్పుడే వేయించేద్దాం, డాక్టరు గారు ఖాళీగానే ఉన్నారంది.

"వద్దు" అన్నాం ఇద్దరం.

పెళ్లయ్యాక మా ఇద్దరి నోటా ఒకేసారి ఒకే మాట రావడం ఇదే మొదలు.

తిరిగొచ్చేటప్పుడు పది నిమిషాలే పట్టింది. ఇంట్లో అత్తయ్యగారు పాప తొడలు రెండూ అటూ ఇటూ తిప్పి చూశారు. "అబ్బ, ఎంత నాజూగ్గా వేశారమ్మా, గుర్తు కూడా పడలేదు" అని పాపని మెచ్చుకున్నారు.

మార్చి 18

నువ్వెందుకు చేశావంటే నువ్వెందుకు చేశావని ఒక పూటంతా పోట్లాడుకున్నాం. తను కారణం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మళ్లీ తేల్చాం, ఇరవై నాలుగున ఖాయంగా వెళ్తున్నామని.

మార్చి 24

పాప పొద్దున రెండు సార్లు తుమ్మింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఫోను ఎవరు చేయాలన్నదే సమస్య. నేనే చేశాను. ఈసారి దొంగతనంగా కాదు, హాల్లో అందరి ముందూ. మా మధ్య ఇప్పుడు దాపరికాలు లేవు.

ముప్పై ఒకటికి మారింది.

అత్తయ్యగారు పాపకి కూడా ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే ఇంకా ఇబ్బందిగా ఉంది.

మార్చి 29

మా భవనం మూడో అంతస్తులో ఉండే దర్జీ ఆవిడ కూతురు వచ్చింది. తొమ్మిదేళ్లుంటాయి. మిగిలిన గుడ్డ ముక్కలతో పాపకి తనే ఒక టోపీ కుట్టింది. పాప తలకి కాస్త పెద్దదైంది, ఒక చెవికే సరిపోయింది. ఆ పిల్లకి దగ్గుగా ఉంది. అందుకని మంచం దగ్గరికి రాకుండా గుమ్మం పక్కనే నిలబడి చూసి వెళ్లింది. బుద్ధిమంతురాలు.

మార్చి 31

ఒక భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని కబురొచ్చింది. లోపల మనుషులు లేరు, ఒక కుర్చీ మాత్రం ఉంది. ఇవాళ నా డ్యూటీ కాదు. అయినా నేనే వెళ్లాను. కుర్చీని భద్రంగా బయటికి తీశాను.

తేదీ ఏప్రిల్ 7కి మారింది. రిసెప్షనిస్టు ఇప్పుడు మా గొంతులు గుర్తుపడుతోంది. "చెప్పండి, ఈసారి ఎప్పటికి?" అంది, కూరగాయలమ్మే మనిషిలా.

ఏప్రిల్ 3

నేను పనిలో ఉండగా మా ఆవిడ ఫోను చేసింది. వెంటనే రమ్మంది. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

వెళ్లేసరికి దర్జీ ఆవిడ మా అంతస్తు మెట్ల మలుపులో నిలబడి ఉంది. పైకి రాలేదు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. కూతురికి దగ్గు తగ్గకపోతే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లిందట. కోరింత దగ్గని తేల్చారట. పాప ఆరు వారాల టీకా అడ్డుకునే జబ్బుల్లో అదొకటి.

"ముందే తెలిస్తే పంపేదాన్ని కాదండీ. చంటిపిల్ల ఉన్న ఇంటికి అసలు పంపేదాన్నే కాదు." ఈ మాటే నాలుగు సార్లు అంది. ఆవిడని ఓదార్చాల్సింది. ఆవిడని దాటుకుని లోపలికి పరిగెత్తాను.

లోపల పాప నిద్రపోతోంది. మేం చూస్తుండగా నిద్రలోనే చిన్నగా దగ్గింది.

ఆ దగ్గు ఎంత చిన్నదో రాయలేను. లిఫ్టు మూడో అంతస్తులో ఉంది, రెండు నిమిషాలు ఆగితే వచ్చేది. నేను ఆగలేదు. ఐదంతస్తులూ మెట్ల మీదుగా దిగాను. క్లినిక్కి ఆరు నిమిషాల్లో చేరాం. మా ఆవిడ ఒక్క మలుపూ తప్పలేదు.

డాక్టరు గారు పాప ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ముందూ వెనకా విన్నారు. ఊపిరి తేలిగ్గానే ఉందన్నారు. కొద్దిగా జలుబు ఉందట. దగ్గున్న పిల్ల మా ఇంట్లోకి వచ్చింది కాబట్టి ముందుజాగ్రత్తగా ఐదు రోజులు వాడమని సిరప్ రాశారు. ఊపిరి పీల్చుకోవడం ఆగినట్టనిపించినా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు.

మమ్మల్ని తిట్టలేదు. కార్డు తీసుకుని చూశారు. అందులో మూడు తేదీలు కొట్టేసి ఉన్నాయి.

"ఆ మొదటి డోసు పదిహేడునే పడి ఉంటే, నాకిప్పుడు కాస్త తక్కువ కంగారుగా ఉండేది" అన్నారు. అంతే.

టీకాలు అక్కడ వారానికి ఒక రోజే వేస్తారు. ఏడో తారీఖున తప్పకుండా తీసుకురమ్మన్నారు. జలుబున్నా ఫరవాలేదన్నారు. తుమ్మినా ఫరవాలేదని నా వైపు చూసి విడిగా చెప్పారు.

ఏప్రిల్ 4

పాప ఊపిరి లెక్కపెడుతున్నాం. వంతులు వేసుకున్నాం. నా వంతులో రెండు సార్లు లెక్క తప్పాను, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. పాలు తాగింది. దగ్గలేదు.

ఏప్రిల్ 5

ఆ పన్నెండు రోజుల గురించి రాయనన్నాను. ఇవాళ రాయాలి.

నాలుగో రోజున పాప చేతికున్న సూది జారిపోయింది. మందు ఎక్కించాలంటే ఇంకో నరం వెతకాలి. చేతిలో దొరకలేదు, రెండో చేతిలో దొరకలేదు. కాలు పట్టుకోమని నర్సు నాతో చెప్పింది. పాప కాలు నా బొటనవేలంత ఉంది. పట్టుకున్నాను. సూది గుచ్చారు, దొరకలేదు. తీశారు, మళ్లీ గుచ్చారు. పాప నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు. నేను కాలు వదిలేసి బయటికి వచ్చేశాను. వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాను. మా ఆవిడ లోపలే ఉంది కదా అనుకున్నాను. అప్పటి నుంచీ తనని చూసినప్పుడల్లా తను ఉండిపోయిందనీ, నేను పారిపోయాననీ ఒకటే గుర్తొస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం పాల సీసాలు ఉడకబెడుతూ ఈ మాట తనతో అనేశాను. ఎలా మొదలుపెట్టానో తెలియదు. సీసాల వైపే చూస్తూ చెప్పాను.

తను స్టవ్ ఆపేసింది.

"నేను లోపల లేనండీ" అంది. "మొదటిసారి చేతిలో దొరకనప్పుడే వచ్చేశాను. బాత్రూములో తలుపేసుకుని కూర్చున్నాను. మీరున్నారు కదా అనుకున్నా. మీరుండబట్టే నేను వెళ్లగలిగాననుకున్నా ఇన్నాళ్లూ."

ఒకరినొకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. మరి కాలు ఎవరు పట్టుకున్నారు?

హాల్లో అత్తయ్యగారు పాప బట్టలు మడతపెడుతున్నారు. మేం ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. తలెత్తి చూశారు. మా మాటలన్నీ వినిపించి ఉంటాయి, మా ఇంట్లో గోడలు అట్టముక్కల్లాంటివి.

ఈసారి ఆవిడ పాపతో మాట్లాడలేదు. మాతోనే మాట్లాడారు.

"మీరిద్దరూ బయటికెళ్లాక నేనే లోపలికెళ్లి పట్టుకున్నా. ఐదోసారికి దొరికింది. ఎన్ని వేలమంది పిల్లల్ని పట్టుకున్నానో నాకే లెక్క లేదు, ఎప్పుడూ చెయ్యి వణకలేదు. ఆ రోజు వణికింది. నర్సు చూసి, పెద్దమ్మా, మీరు కొత్తా అని అడిగింది."

మా ఆవిడ నవ్వబోయి నవ్వలేకపోయింది. వెళ్లి అమ్మ పక్కన కూర్చుంది. మాకెందుకు చెప్పలేదని అడిగితే, మీలో ఎవరు ముందడుగుతారా అని చూశానన్నారు. తర్వాత చేతిలోని చిన్న చొక్కాని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టి ఇంకో మాట అన్నారు.

"ఏడో తారీఖున నేను రాను బాబూ. అది జబ్బు చేశాక గుచ్చిన సూది. ఇది జబ్బు రాకుండా వేసేది, ఒక్క క్షణం పని. ఈసారి కాలు మీరిద్దరూ పట్టుకోండి."

ఏప్రిల్ 6

ఫోను చేయలేదు. ఎవరమూ చేయలేదు. రిసెప్షనిస్టే చేసి, రేపు వస్తున్నారా అని అడిగింది. ఆ అమ్మాయి గొంతులో అనుమానం లేదు, ఆసక్తి ఉంది.

ఏప్రిల్ 7

వెళ్లాం. పది నిమిషాల్లో చేరాం.

నర్సు పాప వయసెంతని అడిగింది. "తొమ్మిది వారాలు" అన్నాను. ఫిబ్రవరి 3 నుంచి ఇవాళ్టికి సరిగ్గా తొమ్మిది. మా ఆవిడ నా వైపు చూసింది.

బల్ల మీద పడుకోబెట్టాం. కుడి కాలు నేను, ఎడమ కాలు తను. కాలు ఇప్పుడు బొటనవేలంత లేదు, మడతలు పడుతోంది. తన్నుతోంది కూడా. ముందు నోట్లో చుక్కలు వేశారు. పాప చప్పరించి ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. గోడ మీద ఆవు బొమ్మ ఒకటి ఉంది, దాన్నే చూడాలని ముందే నిర్ణయించుకున్నాను. చూడలేదు. పాపనే చూశాను. కుడి తొడలో ఒకటి, ఎడమ తొడలో ఒకటి. మొహం ఎర్రబడింది, నోరు పూర్తిగా తెరుచుకుంది, ఒక క్షణం గొంతు రాలేదు. ఆ క్షణంలో నా ప్రాణం ఎక్కడుందో నాకు తెలియదు. కాలు మాత్రం వదల్లేదు.

అప్పుడు గొంతు వచ్చింది. బయట హాల్లో కూర్చున్న పిల్లలు కూడా ఏడుపందుకున్నారు. ఇంత గొప్ప ఏడుపు నేను వినలేదు. మా ఆవిడ ఎత్తుకోగానే భుజం మీద తల పెట్టి, రెండు ఎక్కిళ్లు పెట్టి, మానేసింది. మొత్తం ఒక్క నిమిషం కూడా లేదు. దీని కోసం నేను పశువుల డాక్టరు దాకా వెళ్లాను.

నర్సు మాకిద్దరికీ కుర్చీలు చూపించింది. పాపకి బానే ఉంది, మీరు కూర్చోండంది.

అప్పుడు డాక్టరు గారు వచ్చారు. కోరింత దగ్గుకి ఇంట్లో పెద్దవాళ్లు కూడా టీకా వేయించుకుంటే పాపకి ఇంకాస్త రక్షణ అన్నారు. మా ఆవిడ గర్భంతో ఉన్నప్పుడే వేయించుకుంది. అత్తయ్యగారు మా ఇంటికి బయల్దేరే ముందే వేయించుకున్నారు. ఈ సంగతులు నాకెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు.

"మీరు?" అన్నారు డాక్టరు గారు.

తప్పకుండా వేయించుకుంటాననీ, మంచి రోజు చూసుకుని వస్తాననీ చెప్పడానికి నోరు తెరిచాను.

"ఏప్రిల్ 21 అని మాత్రం అనకండి" అంది మా ఆవిడ.

చొక్కా చెయ్యి మడిచాను. నాకు కళ్లు తిరగలేదు. కూర్చున్నవాణ్ని కాసేపు పడుకున్నాను, అంతే. పాప బల్ల ఖాళీగానే ఉంది కాబట్టి దాని మీదే పడుకున్నాను. నా కాళ్లు మోకాళ్ల దగ్గర్నుంచి బయట వేలాడాయి. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవు బొమ్మ అప్పుడు చూశాను. బాగా వేశారు.

లేచాక, పరువు కొంతైనా దక్కించుకుందామని డాక్టరు గారిని ఒకటే అడిగాను, నేను వేసిన లెక్క అసలు దేనికీ పనికిరాదా అని. పనికొస్తుందన్నారు. తల నిలబెట్టడం, బోర్లా పడటం, నవ్వడం, వీటికి పుట్టాల్సిన తేదీ నుంచే లెక్కపెట్టాలట. మనిషిని చూసి నవ్వడం ఆరు వారాలకి అటూ ఇటూ వస్తుందట.

విన్నావా అన్నట్టు మా ఆవిడని చూశాను. తను పాపకి టోపీ పెడుతోంది.

ఏప్రిల్ 8

పాపకి కొంచెం ఒళ్లు వెచ్చబడింది. మామూలేనన్నారు. పాలు తాగి పడుకుంది. నాకు చెయ్యి నొప్పిగా ఉంది. నా సంగతి ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 9

అత్తయ్యగారు అడిగారు. చెయ్యి పైకెత్తి చూపించమన్నారు. ఎత్తాను. బట్టల తాడు కట్టమన్నారు.

ఏప్రిల్ 13

సిరప్ అయిపోయి ఐదు రోజులైంది. పాపకి దగ్గు రాలేదు. మూడో అంతస్తు అమ్మాయికి కూడా తగ్గుముఖం పట్టింది. సాయంత్రం వాళ్ల బాల్కనీలోంచి పైకి చూసి చెయ్యి ఊపింది. నేను పాప చెయ్యి పట్టుకుని ఊపాను. దర్జీ ఆవిడ లోపల్నుంచి చూస్తోంది. మొన్న ఓదార్చలేకపోయాను కాబట్టి ఇవాళ కిందికి వెళ్లి, పాప బాగుందనీ, టీకా పడిందనీ చెప్పి వచ్చాను. ఆవిడ నా చొక్కాకి తెగిపోయిన గుండీ చూసి, అక్కడే నిలబెట్టి కుట్టి పంపింది.

ఏప్రిల్ 15

ఫ్రిజ్ మీద కొత్త తేదీ: మే 5. ఈసారి రాసింది నేనే. కింద రెండు గీతలు కూడా నేనే కొట్టాను. సీనియర్‌కి చెబితే తలాడించాడు. అతని నుంచి అది ఉపన్యాసంతో సమానం.

ఏప్రిల్ 19

పొద్దున్న పనికి బయల్దేరుతూ పాప బట్టలు మారుస్తున్నాను. ఇవాళ ఒక పాత లిఫ్టు మోటారు విప్పాలి. అది ఎంత మొండిదో, నాకంటే ఎన్నేళ్లు పెద్దదో పాపకి చెబుతున్నాను. ఎదురు మాట్లాడకుండా వినేది ఇంట్లో తనొక్కతే. మోటారు చప్పుడు ఎలా ఉంటుందో చేసి చూపించాను.

పాప నా మొహంలోకి చూసింది. కనుబొమలు కొంచెం పైకి లేచాయి. తర్వాత నోరు ఒక పక్కకి, ఆ తర్వాత రెండు పక్కలకీ సాగింది.

నేను కేకేశాను. అత్తయ్యగారు వచ్చి కడుపులో గ్యాసు అయి ఉంటుందన్నారు. నేను మళ్లీ మోటారు చప్పుడు చేశాను. పాప మళ్లీ నవ్వింది, ఈసారి పళ్లులేని చిగుళ్లన్నీ కనపడేలా. అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని, వంగి, చాలాసేపు పరిశీలించి, "నవ్వే" అని ధ్రువీకరించారు. మా ఆవిడ నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చింది. ఆ నురగ చూసి పాప మూడోసారి నవ్వింది.

పనికి గంట ఆలస్యంగా వెళ్లాను. దారిలో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆరు వారాలు నిండేది ఏప్రిల్ 21న. మేం చెప్పిన రోజు దాకా ఆగడం ఈ పిల్లకి చేతకాదు. నా లెక్క ప్రకారం కూడా రెండు రోజులు ముందే వచ్చేసింది.